కబడ్డీలో మోకాలు తిరిగిందా? మళ్ళీ బరిలోకి దిగేదాకా ఏం చేయాలి, ఎలా చేయాలి

సంక్రాంతి పోటీలు అయిపోయిన వారం పది రోజులకు నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, కూతకెళ్ళి వెనక్కి తిరిగేటప్పుడు మోకాల్లో టప్‌మని శబ్దం వచ్చింది. రెండు గంటల్లో బాగా వాచిపోయింది. ఎక్స్‌రేలో ఏం లేదన్నారు. ఇప్పుడేం చేయాలి?" కందుకూరు నుంచి ఒకరు, ఆత్మకూరు నుంచి ఒకరు, కనిగిరి నుంచి ఇంకొకరు. వేసవి వస్తే వాలీబాల్ వాళ్ళు, షటిల్ వాళ్ళు. ఊళ్ళు మారతాయి గానీ ప్రశ్న మారదు. అందుకే ఒకసారి వరసగా రాసి పెడుతున్నాను.

నేను కావలిలో ఫిజియోథెరపిస్టుని. ఇరవై రెండేళ్ళ వయసులో నాకూ ఇదే గాయమైంది. పసరు కట్టు కట్టించుకుని నలభై రోజులు కాలు కదపకుండా మంచం మీద ఉన్నాను. కట్టు విప్పిన రోజు రెండు చేతులూ తొడ చుట్టూ వేసి చూసుకుంటే వేళ్ళు కలిశాయి. కండ మొత్తం కరిగిపోయింది. మోకాలు మాత్రం జారుతూనే ఉంది. ఆ నలభై రోజుల్లో పోయిన కండ తిరిగి రావడానికి నాకు ఏడాది పైన పట్టింది. మీకు అది జరగకూడదనే ఇదంతా.

చదివే ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ గాయంలో నొప్పి ముందే పోతుంది, బలం చాలా ఆలస్యంగా వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న నెలల్లోనే ఎక్కువమంది మళ్ళీ దెబ్బ తగిలించుకుంటారు. అందుకే ప్రతి మెట్టు దగ్గరా ఒక పరీక్ష రాశాను. అది దాటితేనే పై మెట్టు ఎక్కండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఐసు, పాలిథిన్ కవరు, పల్చటి తువ్వాలు
- నాలుగు లేదా ఆరు అంగుళాల క్రేప్ బ్యాండేజీ
- టైలర్ టేపు, ఒక నోటు పుస్తకం (ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు)
- చేతుల్లేని గట్టి కుర్చీ
- చంక కర్రలు. కొనక్కర్లేదు, చాలా సర్జికల్ షాపుల్లో అద్దెకిస్తారు
- వ్యాయామాల రబ్బరు బ్యాండు. దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబు కోసి వాడుకోవచ్చు
- బరువుకి లీటరు నీళ్ళ సీసా, లేదా పాత ప్యాంటు కాలులో ఇసుక పోసి కుట్టిన సంచి
- ఇంట్లో నేల మరుగుదొడ్డి ఉంటే కమోడ్ కుర్చీ

1. మొదటి మూడు రోజులు

ఆట అక్కడికక్కడే ఆపండి. "ఒక్క కూత వెళ్ళొస్తా" అని స్ప్రే కొట్టించుకుని దిగినవాళ్ళకి లిగమెంట్‌తో (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) పాటు లోపలి మెత్త, అదే మెనిస్కస్, కూడా చిరిగిన సందర్భాలు నేను చాలా చూశాను.

ఐసు తువ్వాల్లో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకోసారి చాలు. చర్మం మీద నేరుగా పెడితే కాలుతుంది. బ్యాండేజీ పిక్క నుంచి మొదలుపెట్టి తొడ వైపు చుట్టండి. వేళ్ళు తిమ్మిరెక్కినా నీలంగా మారినా వెంటనే విప్పండి. పడుకున్నప్పుడు కాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలి. దిండ్లు మడమ కింద, పిక్క కింద పెట్టండి. మోకాలి కింద మాత్రం పెట్టొద్దు. ఎందుకో ఐదో మెట్టులో చెప్తాను.

ఈ మూడు రోజులూ చేయకూడనివి: వేడి కాపడం, నూనె మర్దన, గట్టిగా లాగించడం, మద్యం తాగడం. లోపల రక్తం కారుతున్న మోకాలికి ఇవన్నీ వాపు పెంచేవే.

2. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాల్సిన సందర్భాలు

- నాలుగు అడుగులు కూడా వేయలేకపోవడం
- మోకాలు సగం వరకు, అంటే 90 డిగ్రీలు, మడవలేకపోవడం
- చిప్ప మీద గానీ, మోకాలి బయటి వైపు కింద ఉండే ఎముక గుబ్బ మీద గానీ నొక్కితే విపరీతమైన నొప్పి
- మోకాలు ఒక చోట ఇరుక్కుపోయి అటూ ఇటూ రాకపోవడం
- పాదం చల్లబడటం, స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి ఎత్తలేకపోవడం

చివరిది ఉంటే ఇంట్లో ఒక్క గంట కూడా ఆగొద్దు. రక్తనాళం దెబ్బతిని ఉండొచ్చు. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో ఏది దగ్గరైతే అక్కడి క్యాజువాలిటీకి నేరుగా వెళ్ళండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

3. ఏం తెగిందో తేల్చుకోవడం

ఎక్స్‌రేలో కనపడేది ఎముక. లిగమెంట్ అందులో కనపడదు. కాబట్టి "ఎక్స్‌రే నార్మల్" అంటే ఎముక విరగలేదని మాత్రమే. ఈ ఒక్క ముక్క తెలియక మూడు నాలుగు నెలలు పోగొట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది.

మీకు మీరే ఒక అంచనాకి రావచ్చు. తిరిగేటప్పుడు టప్‌మని శబ్దం, కొద్ది గంటల్లోనే పెద్ద వాపు, తర్వాత నడకలో మోకాలు జారినట్టు అనిపించడం, ఈ మూడూ ఉంటే మోకాలి లోపల ముందు వైపు ఉండే లిగమెంట్ (ఏసీఎల్) మీద అనుమానం. వాపు మర్నాటికి మెల్లగా వచ్చి, మడిచి చాపేటప్పుడు లోపల పట్టేసినట్టుంటే మెనిస్కస్. ఎవరో పక్క నుంచి కాలి మీద పడ్డాక మోకాలి లోపలి వైపు నొప్పి ఉంటే పక్క లిగమెంట్ (ఎంసీఎల్). ఇది చాలావరకు ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది.

అంచనా అంచనానే. ఎముకల డాక్టరు చేత్తో చేసే పరీక్ష అవసరం. వాపు ఎక్కువగా ఉన్న రోజు మోకాలు బిగుసుకుని ఉంటుంది, పరీక్ష సరిగ్గా తేలదు. వారం పది రోజులకు మళ్ళీ చూపించుకోండి. ఎంఆర్ఐ రాస్తే తీయించుకోండి. దానికి మద్రాసు దాకా పోనక్కర్లేదు, నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉంది.

డాక్టర్ని అడగాల్సినవి ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళండి: ఏ లిగమెంట్, పూర్తిగా తెగిందా, కొంతా? మెనిస్కస్ ఎలా ఉంది? దాన్ని కుట్టాలా, కత్తిరించాలా? నేను ఫలానా ఆట ఆడతాను, నాకు ఆపరేషన్ ఎంత అవసరం?

4. ఆపరేషనా, వ్యాయామమా?

ఏసీఎల్ తెగిన ప్రతివాళ్ళకీ ఆపరేషన్ అవసరం లేదు. స్వీడన్‌లో 121 మంది మీద చేసి 2010లో మొదటి ఫలితాలు ప్రకటించిన అధ్యయనం ఒకటుంది. అందులో ముందు వ్యాయామాలు చేసి, అవసరమైతేనే కోయించుకుందాం అనుకున్నవాళ్ళలో ఐదేళ్ళ తర్వాత కూడా సుమారు సగంమందికి ఆపరేషన్ పడలేదు. అయితే వాళ్ళలో వృత్తి ఆటగాళ్ళు లేరు.

నా లెక్క ఇది. పొలం పని, షాపు, ఆఫీసు, నడక, ఈత, సైకిలు చాలనుకుంటే మూడు నెలలు గట్టిగా వ్యాయామం చేసి చూడండి. కబడ్డీ, ఫుట్‌బాల్ లాంటి, ఒక్కసారిగా తిరగాల్సిన ఆటల్లోకి మళ్ళీ వెళ్ళాలనుకున్నా, మామూలు నడకలో కూడా మోకాలు జారుతున్నా ఆపరేషన్ గురించి డాక్టరుతో మాట్లాడండి. జారిన ప్రతిసారీ లోపలి మెత్త ఇంకొంచెం నలుగుతుంది, కాబట్టి జారే మోకాలితో ఏళ్ళు గడపొద్దు. మెనిస్కస్ ఇరుక్కుపోయి ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఖర్చు సంగతి: కార్డు ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరు దగ్గర డాక్టరు రాసిన ఆపరేషన్ పేరు చూపించి, పథకంలో వస్తుందా, స్క్రూల వంటి ఇంప్లాంట్ల ఖర్చు కూడా కలిసుంటుందా అని చేరకముందే అడగండి.

5. ఆపరేషన్‌కి ముందు మోకాల్ని సిద్ధం చేయడం

తేదీ దొరికిందని వాచిన మోకాలితోనే టేబుల్ ఎక్కేవాళ్ళకి తర్వాత కాలు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. (ఇరుక్కుపోయిన మోకాలిది వేరే దారి, అక్కడ డాక్టరు మాటే.) ఆపరేషన్ వద్దనుకున్నవాళ్ళు కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

*మడమ ఎత్తు:* వెల్లకిలా పడుకుని మడమ కింద మాత్రమే చుట్టిన తువ్వాలు పెట్టండి. మోకాలు గాల్లో ఉంటుంది, దాని బరువుకి అదే కిందికి దిగుతుంది. ఐదు పది నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు.

*తొడ బిగింపు:* కాలు చాపి, మోకాలి వెనక భాగంతో పరుపుని నొక్కుతున్నట్టు తొడ బిగించండి. ఐదు సెకన్లు బిగించి వదలండి. ఇరవై సార్లు, పూటకోసారి. చిప్ప మీద వేళ్ళు పెట్టి చూడండి, సరిగ్గా బిగిస్తే చిప్ప తొడ వైపు జరుగుతుంది. జరగట్లేదంటే కండ ఇంకా మేల్కోలేదు.

*మడమ జారుడు:* మడమని పరుపు మీద జారుస్తూ మోకాలు మడిచి మళ్ళీ చాపండి. పదిహేను సార్లు.

ఇక మోకాలి కింద దిండు సంగతి. అది పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, ఎందుకంటే వాచిన మోకాలు కొంచెం వంగి ఉండాలనే కోరుకుంటుంది. రెండు వారాలు అలా పడుకుంటే కాలు పూర్తిగా చాపడం పోతుంది. మడవడం మెల్లగా తెచ్చుకోవచ్చు. చాపడం పోతే తెచ్చుకోవడం చాలా కష్టం, కుంటి నడక మిగిలిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతో దిండు సర్దుతారు. వాళ్ళకీ ఈ మాట చెప్పండి.

పరీక్ష: మంచం మీద బోర్లా పడుకుని, మోకాలి పైభాగం వరకే మంచం మీద ఉంచి, రెండు కాళ్ళూ బయటికి వేలాడేయండి. వెనక నుంచి ఒకరు మడమలు చూడాలి. దెబ్బ తగిలిన కాలి మడమ ఎంత ఎత్తులో ఉంటే చాపడం అంత తక్కువున్నట్టు. సుమారుగా ఒక సెంటీమీటరుకి ఒక డిగ్రీ. పుస్తకంలో తేదీ వేసి రాయండి.

ఈరోజే ఇంకో పని చేయండి. చిప్ప పై అంచు నుంచి పది సెంటీమీటర్లు పైకి కొలిచి, అక్కడ రెండు తొడల చుట్టుకొలతా రాసుకోండి. బాగున్న కాలితో ఒంటికాలి మీద కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో కూడా రాయండి. నెలలు గడిచేకొద్దీ బాగున్న కాలు కూడా కొంత బలహీనపడుతుంది. అప్పుడు దాంతో పోల్చుకుని సమానమైపోయింది అనుకుంటే మోసపోతారు.

6. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాలు

పైన చెప్పిన మూడు వ్యాయామాలే, డాక్టరు చెప్పిన హద్దులో. దాంతోపాటు గంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఆడించండి. ఎంత బరువు మోపాలి, బ్రేస్ (మోకాలికి కట్టే ఆసరా పట్టీ) ఎప్పుడు తీయాలి అనేవి మీ సర్జన్ మాటే. మెనిస్కస్ కుట్టినవాళ్ళకి ఈ నియమాలు బాగా వేరుగా ఉంటాయి. పక్క మంచం వాళ్ళు నడిచేస్తున్నారని మీరు నడవొద్దు.

పిక్కలో నొప్పీ వాపూ పెరగడం, ఊపిరి అందకపోవడం, జ్వరం, కుట్ల దగ్గర చీము: వీటిలో ఏది కనపడినా వెంటనే ఆసుపత్రికి. మొదటి రెండూ రక్తం గడ్డకట్టిన గుర్తులు కావచ్చు. అందుకే ఆ వారాల్లో పొడుగు ప్రయాణాలు వాయిదా వేయండి.

తిండి గురించి గట్టిగా చెప్పాలి. "గుడ్డు తింటే చీము పడుతుంది, చేప వద్దు, వంకాయ వద్దు" అని పత్యం పెట్టి చారన్నంతో నెల రోజులు ఉంచుతారు. కండ కరిగిపోయే రోజుల్లో మాంసకృత్తులు ఆపేయడం కన్నా పెద్ద తప్పు లేదు. కిడ్నీ జబ్బు లేనివాళ్ళు కిలో బరువుకి ఒకటిన్నర గ్రాముల దాకా తినొచ్చు. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాములుంటాయి. గుడ్లు, పప్పు, పెరుగు, శనగలు, మన చేపల పులుసు, ఏది కుదిరితే అది. కుట్లలో చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, చేప వల్ల కాదు.

పరీక్ష: మోకాలు వంగకుండా కాలు నేరుగా పైకి ఎత్తగలగాలి, పది సార్లు. అది వచ్చేవరకు చంక కర్రలు వదలొద్దు.

7. మూడో వారం నుంచి మూడో నెల దాకా

అద్దం ముందు నడవండి, లేదా వెనక నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకోండి. మడమ ముందు ఆనాలి, మోకాలు చాపాలి. కుంటుతూ ఎక్కువ దూరం నడిచేకన్నా సరిగ్గా పది అడుగులు మేలు.

తర్వాత ఈ వరసలో పెంచండి: గోడకి ఆని కొంచెం కిందికి జారడం, కుర్చీలోంచి రెండు కాళ్ళ మీద లేవడం, కాలి మునివేళ్ళ మీద లేవడం, పడుకుని నడుం పైకెత్తడం, ఒంటికాలి మీద నిలబడటం, కదలకుండా నిలిపిన సైకిల్. కాలికి బరువు కట్టి కుర్చీలో కూర్చుని మోకాలు పూర్తిగా చాపే వ్యాయామం మాత్రం మీ ఫిజియో చెప్పేదాకా వద్దు.

ఎంత చేయాలో మోకాలే చెప్తుంది. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాకా ఫరవాలేదు. మర్నాడు పొద్దునకి అది తగ్గిపోవాలి, వాపు పెరగకూడదు. పెరిగితే రెండు రోజులు కింది మెట్టుకి దిగండి.

వాపు పరీక్ష: కాలు చాపి కూర్చోండి. చిప్ప లోపలి వైపు గుంటని అరచేత్తో కింద నుంచి తొడ వైపుకి రెండు మూడు సార్లు నిమరండి. ఇప్పుడు చిప్ప బయటి వైపు పై నుంచి కిందికి ఒక్కసారి నిమరండి. లోపలి వైపు గుంటలో చిన్న అలలాగా నీరు ఉబికితే ఇంకా వాపుంది. రోజూ ఒకే టైముకి, వ్యాయామానికి ముందు చూసుకోండి. రెండు రోజుల్లో చెయ్యి తిరుగుతుంది.

ఇక్కడ నా వృత్తి గురించి కూడా ఒక మాట. చాలామంది ఫిజియో అంటే కరెంటు పెట్టించుకోవడం అనుకుంటారు. ఇరవై నిమిషాలు మెషిన్ పెట్టించుకుని వెళ్ళిపోతారు. మెషిన్ కొంత నొప్పి తగ్గించొచ్చు, మీ తరపున అది కండ పెంచలేదు. నెలంతా రోజూ కరెంటుకి రాగలిగే డబ్బుంటే, దాని బదులు వారానికోసారి వచ్చి కొత్త వ్యాయామం సరిగ్గా నేర్చుకుని ఇంట్లో చేసుకోండి. ఉదయగిరి, పామూరు లాంటి దూరాల నుంచి వచ్చేవాళ్ళకి నేను ఇదే చెప్తాను.

గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేయడం, నేల మీద పడక, ఇవన్నీ మీ డాక్టరు సరేననేదాకా ఆగాలి. బైక్ కూడా అంతే. కిక్ కొట్టడం, ఆగినప్పుడు కాలు ఆనించి బండిని కాయడం నడపడం కన్నా ప్రమాదం.

8. మూడు నుంచి ఆరు నెలలు: అసలు ప్రమాదం

నొప్పి లేదు, వాపు లేదు, మెట్లు ఎక్కుతున్నారు. "నయమైపోయింది గదన్నా" అని మానేసేది ఇప్పుడే. కొత్తగా పెట్టిన లిగమెంట్ మీ తొడ వెనక నుంచో, చిప్ప కింద నుంచో తీసిన స్నాయువు, అంటే కండని ఎముకకి కలిపే తాడు లాంటిది. ఎముకలో అతుక్కుని, రక్తప్రసరణ తెచ్చుకుని లిగమెంట్‌గా మారడానికి దానికి చాలా నెలలు పడుతుంది. మొదటి నెలల్లో ఒక దశలో అది పెట్టినప్పటికన్నా బలహీనంగా కూడా ఉంటుంది. మీకు బయటికి ఏమీ తెలియదు.

ఉలవపాడు వైపు కుర్రాడొకడు ఐదో నెల దాకా ఒక్క రోజు మానకుండా వ్యాయామం చేశాడు. తోటలో మామిడి చెట్టు దిగుతూ చివరి కొమ్మ నుంచి దూకాడు. ఎత్తు నాలుగడుగులు కూడా ఉండదు. నా దగ్గరికి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని మోకాలిని రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. రెండో ఆపరేషన్ అయింది. ఆ రోజు నుంచి దూకడం గురించి ప్రతివాళ్ళకీ మూడుసార్లు చెప్తున్నాను.

ఈ నెలల్లో చేయాల్సింది బరువులతో బలం. వారానికి మూడు రోజులు: భుజానికి ఇసుక సంచి పెట్టుకుని కుర్చీ దాకా దిగి లేవడం, ఒంటికాలి మీద మెట్టు ఎక్కి మెల్లగా దిగడం, ఒక కాలు ముందుకేసి వంగడం. ఎనిమిది నుంచి పన్నెండు సార్లకి కాలు అలిసిపోవాలి. ఇరవై సార్లు సులభంగా చేయగలుగుతుంటే బరువు చాల్లేదని అర్థం. మోకాలు లోపలికి వాలుతోందేమో వీడియోలో చూడండి. చిప్ప ఎప్పుడూ కాలి రెండో వేలు వైపే ఉండాలి.

పరుగు: ఒంటికాలి మీద లేవడం బాగున్న కాలిలో కనీసం ముప్పావు వంతు వచ్చాక, వాపు అస్సలు లేకుండా ఉంటే, ఫిజియో చూశాక. నెల్లూరు వాళ్ళు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనో, ఊళ్ళో స్కూలు గ్రౌండులోనో మొదలుపెట్టండి. ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. మైపాడు, కొత్తపట్నం బీచిలో పరిగెత్తితే కాళ్ళు గట్టిపడతాయని వెళ్తారు. మెత్తటి ఇసుకలో పాదం ఒక్కో అడుగుకి ఒక్కోలా దిగుతుంది, మోకాలు మెలి తిరుగుతుంది. ఇది దాని సమయం కాదు.

9. మళ్ళీ బరిలోకి

ఆపరేషన్ అయినవాళ్ళు తొమ్మిది నెలల లోపు పోటీకి దిగొద్దు. నార్వేలో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఆట ఒక్కో నెల వెనక్కి జరిపేకొద్దీ మోకాలు మళ్ళీ దెబ్బతినే ముప్పు సుమారు సగానికి తగ్గుతూ వచ్చింది. రిషబ్ పంత్‌కి 2022 డిసెంబర్ 30న ప్రమాదమైతే మళ్ళీ ఐపీఎల్ ఆడింది 2024 మార్చిలో. అతనివి ఇంకా పెద్ద గాయాలే. అయినా అన్ని సౌకర్యాలున్న మనిషి అంతకాలం ఆగాడు. మనకి ఊరి జట్టు కెప్టెన్ ఫోన్ చేశాడని ఆరో నెలలో దిగడం ఎందుకు?

తొమ్మిది నెలలు నిండటం ఒక్కటే చాలదు. ఇవన్నీ రావాలి:

- రెండు మడమలూ సమానం, వాపు సున్నా
- తొడ చుట్టుకొలతలో తేడా ఒక సెంటీమీటరు లోపు
- కుర్చీలోంచి ఒంటికాలి మీద లేవడం, మొదట్లో రాసుకున్న బాగున్న కాలి లెక్కలో 90 శాతం
- ఒంటికాలి గెంతు: బాగున్న కాలు 150 సెంటీమీటర్లు గెంతితే ఇది కనీసం 135. దిగాక రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి. పక్కన ఫిజియో లేకుండా మొదటిసారి ప్రయత్నించొద్దు
- మనసులో భయం లేకపోవడం. భయంగా ఉంటే చెప్పండి, సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. భయం ఉన్న కాలు తడబడుతుంది

కబడ్డీ వాళ్ళకి ఆఖరి వరస: ముందు ఒంటరిగా కూత అడుగులు, తర్వాత సగం వేగంతో మలుపులు, తర్వాత ఎవరూ పట్టుకోకుండా కూత, తర్వాత తెలిసినవాళ్ళు మెల్లగా పట్టే పట్టు, చివరికి పూర్తి ప్రాక్టీసు. ఒక్కోదానికి కనీసం వారం. ప్రాక్టీసు అయిన మర్నాడు పొద్దున వాపు పరీక్ష తప్పదు. నాలుగైదు వారాలు పూర్తి ప్రాక్టీసు చేశాకే మ్యాచ్, అదీ మొదట ఒక సగం మాత్రమే.

మోకాలి తొడుగులో (knee cap) ధైర్యం ఉంటుందేమో గానీ తెగే లిగమెంట్‌ని అది ఆపలేదు. మెడికల్ షాపులో నొప్పి సూది వేయించుకుని ఆడేవాళ్ళు ఇంకా ఉన్నారు. నొప్పి తెలియని మోకాలితో ఆడటం కళ్ళు మూసుకుని బండి నడపడమే.

బలం వ్యాయామాలు ఆడినన్నాళ్ళూ వారానికి రెండు రోజులు కొనసాగించండి. బాగున్న కాలికి కూడా చేయండి. ఒక మోకాలు తెగినవాళ్ళలో రెండోది తెగే అవకాశం మామూలు వాళ్ళకన్నా ఎక్కువ.

మెసేజ్ పెట్టేవాళ్ళు ఈసారి "నొప్పి లేదన్నా, ఆడొచ్చా" అని మాత్రమే అడగకండి. మడమల తేడా ఎంత, తొడల కొలత ఎంత, ఒంటికాలి మీద ఎన్నిసార్లు లేచారు, మీ పుస్తకంలో ఆ పేజీ ఫోటో పెట్టండి. అది చూసి సమాధానం చెప్తాను.